మొద్దుకు ఒక వాసన గుడ్డ

మనిషి ఆసుపత్రిలో చేరాలంటే జబ్బు ఒక్కటుంటే చాలు. కుక్క చేరాలంటే అర్హత కావాలి. ఈ సత్యాన్ని లోకానికి చాటిన ఘనత ఆ పశువుల ఆసుపత్రిలోని రోగి సన్నాహక విభాగానిది. (ఆ విభాగంలో డాక్టర్లు లేరు. ఉంటే పనికి అడ్డమట.)

అలాంటి విభాగం ఒకటుందని లిఫ్టు మెకానిక్‌కు తెలియదు. పదకొండేళ్ళుగా అతని ఇంట్లో పెరుగుతున్న కుక్క మొద్దుకు మూత్రాశయంలో రాయి పడింది, గురువారం ఆపరేషన్ చేసి మూడు రోజులు ఇక్కడే ఉంచుకుంటాం అన్నాడు డాక్టరు. సరే, గొలుసు పట్టుకెళ్ళి అప్పగించి రావడమేగా అనుకున్నాడు. చేతికి తొంభై రెండు ప్రశ్నల ఫారం వచ్చింది.

రోగి ఏ పక్కకు తిరిగి పడుకుంటుంది? ఉరుముకు భయపడుతుందా, తలుపు గంటకా? (రెండింటికీ అయితే అదనపు కాగితం జతపరచాలి.) మెకానిక్ పెన్ను కొరుకుతూ కూర్చుంటే, పక్కనున్న భార్య కూరగాయలు తరిగినంత తేలిగ్గా జవాబులు చెప్పుకుపోయింది. కుక్క తనదేనన్న నమ్మకంతో బతుకుతున్న మనిషికి ముప్పయ్యో ప్రశ్న దాటేసరికి కాస్త చిన్నతనంగా అనిపించింది.

అసలు చిక్కు అరవై నాలుగో ప్రశ్న దగ్గర వచ్చింది. రోగి బెంగపెట్టుకోకుండా యజమాని ఒంటి వాసన ఉన్న గుడ్డ ఒకటి, ఉతకకుండా తేవాలి. రిజిస్టరులో యజమాని మెకానిక్. మొద్దు తినేది మాత్రం ఆవిడ చేతిమీదుగానే. కిందటేడు ఆవిడ అక్కగారింటికి వెళ్ళి మూడు రోజులుంటే, అతను పెట్టిన గిన్నె వంక కూడా చూడలేదు. ఆపరేషన్ అయ్యాక తిండి ముట్టకపోతే ఈ వయసులో కోలుకోవడం కష్టమని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

పోనీ మా ఆవిడ తువ్వాలు పెట్టండి అన్నాడు మెకానిక్. వాసనల అధికారిణి తలెత్తి, అలా పెట్టాలంటే యజమాని తనకు రోగి దగ్గర చనువు లేదని మూడు ప్రతుల్లో ప్రకటించాలని సౌమ్యంగా వివరించింది. 'కింద సంతకం చేసిన నేను పై జంతువుకు ఇష్టుణ్ణి కానని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.' కారణం రాయడానికి నాలుగు గీతలు ఇచ్చారు. (చాలకపోతే వెనకవైపు వాడుకోవచ్చు.)

"కారణమంటే ఏం రాయాలండీ?" అన్నాడు మెకానిక్ గొంతు తగ్గించి.

"ఎక్కువమంది 'ఇంట్లో ఉండను' అని రాస్తారు సార్."

అదే రాశాడు. అబద్ధం కాదు కాబట్టి మరీ కష్టమనిపించింది.

అయితే ఒట్టి సంతకాన్ని నమ్మే విభాగం కాదది. నిజనిర్ధారణ పరీక్ష ఉంటుంది. వరండా ఈ కొసన మెకానిక్, ఆ కొసన భార్య, నడుమ మొద్దు, గోడవారన గడియారంతో అధికారిణి. రోగి యజమాని దగ్గరికి వెళ్తే దరఖాస్తు రద్దు, తువ్వాలుకు బదులు అతని గుడ్డే లోపలికి వెళ్తుంది. మళ్ళీ పరీక్ష నెల తర్వాతే. రాయి అన్నాళ్ళు ఆగదు.

గొలుసు విప్పారు. మొద్దు నేలంతా వాసన చూసింది, తీరిగ్గా ఆవులించింది, తోక ఊపుకుంటూ మెకానిక్ వైపు రెండడుగులు వేసింది.

అంత సంతోషం, అంత భయం అతనికి ఎన్నడూ ఒకేసారి కలగలేదు. రమ్మనే పిలుపు నోటిదాకా వచ్చింది. అవతలి కొసన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. మెకానిక్ చేతులు జేబుల్లో దోపుకుని గోడవైపు తిరిగిపోయాడు. అక్కడ అతికించిన గోమార్ల మందు ప్రకటన మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాడు. వెనక గోళ్ళ చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు అలాగే ఆగి, ఆ తర్వాత మెల్లగా దూరమైంది.

'యజమానికి రోగిపై ఆసక్తి లేదు. రోగికీ లేదు' అని అధికారిణి రాసుకుంది. మూడు ప్రతులమీదా ముద్ర పడింది. మొద్దు తువ్వాలుతో సహా లోపలికి వెళ్ళింది.

మెకానిక్ కళ్ళు తుడుచుకుని, అది ఇంటికొచ్చాక ఈ ప్రకటన రద్దు చేయించుకోవచ్చా అని అడిగాడు.

"అవసరం లేదు సార్, ఏడాదే చెల్లుతుంది," అంది అధికారిణి ఫైలు మూస్తూ. "ఆ తర్వాత కుక్క రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దానంతటదే కొనసాగుతుంది."