మధ్యంతర ఉత్తర్వుపై సూదియుద్ధం

భానుబింబము కోర్టు పడమటి కిటికీ ఊచలలో చిక్కుకొని, ఫైలింగు కౌంటరు మూతపడుటకు నలువది నిమిషములు మాత్రమే మిగిలిన ఆ ఘోరాపరాహ్ణమున, వాయిదావనకేసరియగు లాయరు కవరు విప్పి, అప్పీలుకు ఆయువుపట్టయిన ఉత్తర్వు నకలు అందులో లేదని కనుగొనెను.

"అమ్మా, సీలేసిన కాపీ ఏది?"

"అందులోనే పెట్టాను లాయరుగారూ!" అని అరచినది అష్టయంత్రాధీశ్వరి, అనగా ఎనిమిది కుట్టుమిషన్ల కొట్టుకు యజమానురాలు.

మాకు తప్ప ఇతరులకు కుట్టనని ఒప్పందము వ్రాసి తప్పితివని ఆమెపై దావా వేసిన యూనిఫారాల కంపెనీ, కేసు తేలువరకు ఆ కొట్టులో ఒక్క మిషనైనను తిరుగరాదని మధ్యంతర ఉత్తర్వు తెచ్చెను. పందొమ్మిది దినములుగా ఆ రథచక్రములు నిశ్చలములు. ఆరుగురు కుట్టుపనివారిలో ఇద్దరు వేరే కొలువు చూచుకొనిరి. అప్పీలుకు నేడే తుది గడువు.

"కంపెనీవాళ్ళే కాజేశారు!" అని లాయరు గర్జించెను.

"ముందు కొట్లో చూద్దాం పదండి, పక్కవీధేగా. మావయ్యా, నువ్వూ రా!"

మావయ్య అనగా ఆమె మేనమామ. నలుబది ఏండ్లుగా గుడ్డను చీల్చి చెండాడిన కర్తరీధురంధరుడు, ఆ కొట్టు కటింగు మాస్టరు. ఏలనో ఆ మహావీరుడు అందరికంటె వెనుక నడచెను.

కొట్టులో, గోడమేకుకు వ్రేలాడు కొలత నమూనాల అట్టముక్కల నడుమ, రాజముద్రాంకితమై, చొక్కా కాలరు ఆకారమున ఉత్తర్వు దర్శనమిచ్చెను. శేషభాగములు చెత్తబుట్టలో వీరస్వర్గమున నుండెను.

"ఏంటిది మావయ్యా?"

మావయ్య పైకప్పు వంక చూచెను. "ఎలకలేమోనే."

"ఎలకలు చాక్‌తో గీత గీసి కత్తిరిస్తాయా?"

"కంపెనీవాళ్ళ ఎలకలేమో."

ఆమె ముక్కలనేరి, మిషను ముందు కూర్చుండి, చక్రముపై చేయి వేసినంతనే లాయరు అడ్డముగా దూకెను.

"ఆగమ్మా! చక్రం తిరిగిందా, కోర్టు ధిక్కారం! సూది చేత్తో పట్టుకో. ఉత్తర్వులో చేతిసూది ఊసు లేదు."

అంత ఆ సూచీధారిణి, కనురెప్ప వాల్చక, ఊపిరి సగమే పీల్చుచు, అక్షరమున కక్షరము, గీతకు గీత జతపరచి, ఛిన్నాభిన్నమైన న్యాయశాసనమును తెల్లదారముతో ఏకము చేసెను. కౌంటరు చేరునప్పటికి మిగిలినవి ఏడు నిమిషములు.

అచట కొర్రీలకోటకు ద్వారపాలకుడగు గుమాస్తా కళ్ళజోడు సవరించుకొనెను.

"లాయరుగారూ, ఇది ఆర్డరా, జాకెట్టా?"

"అయ్యా! అక్షరం పోలేదు, సీలు పోలేదు, సంతకం పోలేదు! దారం అదనం. అదనంగా ఇస్తే వెనక్కి పంపమని ఏ రూల్లో ఉందో చూపించండి!"

"ఉపన్యాసం జడ్జిగారి దగ్గర చెప్పుకోండి. ఎవరు కత్తిరించారో, ఎందుకో రాసి సంతకం పెడితే తీసుకుంటా. మూడు నిమిషాలుంది."

"ఎలకలని రాస్తే?" అని లాయరు అడిగెను.

"ఎలకని తీసుకొచ్చి సంతకం పెట్టించండి."

ఆమె పెన్ను అందుకొనెను. "నేనే కత్తిరించానని రాసుకోండి."

"అమ్మా తల్లీ!" లాయరు ఆమె చేయి పట్టి ఆపెను. "కేసులో పార్టీవి నువ్వే! నువ్వే ఆర్డరు ముక్కలు చేశావంటే అప్పీలు ఇక్కడే చచ్చి ఊరుకుంటుంది."

అప్పుడు వెనుకనుండి మావయ్య వచ్చి, మేనకోడలిని ప్రక్కకు జరిపి, కౌంటరుపై రెండు చేతులు ఆనించెను. వినుడు! తలుపు సగము దిగిన వేళ వారికి దక్కిన దిగ్విజయము కేసు గెలుపు కాదు, స్టే కాదు; అప్పీలు నెత్తిన అంగుళమంత నీలిముద్రయు, "ఏడు దినములలో లోపములు సవరించవలెను" అను కొర్రీయు మాత్రమే. ఆ విజయమును సాధించిన వాంగ్మూలమిది:

"నేనే బాబూ. ఎలకలు కాదు. పందొమ్మిది రోజులై కొట్లో చప్పుడు లేదు. మిషన్లు తొక్కొద్దన్నారు గానీ కత్తెర మాటెత్తలేదు కదా అనుకున్నా. బల్లమీద ఈ కాయితం కనపడింది. దళసరిగా, ముడత లేకుండా... ఇలాంటిది చూసి ఎన్నాళ్ళయిందో! ఏం రాసుందో చదవలేదు. చేతులు ఊరుకోలేదు, కత్తిరించేశా. మా పిల్లకి ఏం తెలీదు, దాన్ని ఏమీ అనకండి. తప్పు నాదే, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా. కానీ ఒక్కసారి ఆ వంపు చూడండి బాబూ, వెంట్రుకవాసి తేడా ఉంటే అప్పుడడగండి."