గట్టు మీద మచ్చ

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి గుమస్తా వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. నర్సు ఉద్యోగం చేసే భార్య ఆస్పత్రికి వెళ్ళిపోయింది, సాయంత్రం దాకా రాదు. ఇల్లుగలావిడ రేపు పదింటికి వస్తుంది. ఇల్లంతా చూసుకుని, అంతా బాగుందనిపిస్తే ఇంకో మూడేళ్ళకి అద్దె కాగితం మీద సంతకం పెడుతుంది. ఈలోగా వంటింటి గట్టుకి రంగు వేసేస్తే, రెండేళ్ళ కిందట తను కాలుతున్న బాణలి దించినప్పుడు పడిన అరచెయ్యంత నల్లమచ్చ మాయమైపోతుంది.

ఆ మచ్చ ఆయన ప్రాణం తోడేస్తోంది. గట్టు పాతకాలపు లామినేట్‌ది, చెక్క గీతల డిజైను. కొత్తది వేయించే స్తోమత లేదు. ఇన్నాళ్ళూ ఆవిడ వచ్చినప్పుడల్లా మచ్చ మీద మిక్సీ పెట్టి నెట్టుకొచ్చారు. ఈసారి మాత్రం ఎక్కడైనా చెమ్మ పట్టిందేమో, సామాన్లన్నీ జరిపి చూస్తానని ఆవిడ ఫోన్లో మరీ మరీ చెప్పింది. ఈ ఇల్లు పోతే గతేమిటి? భార్య ఆస్పత్రికి నడిచిపోవచ్చు. మోకాళ్ళు పట్టేసిన అత్తగారికి మెట్లెక్కే బాధ లేదు. ఇలాంటి ఇల్లు ఇంత తక్కువ అద్దెకి మళ్ళీ దొరకదు. వారం నుంచి ఆయనకి ముద్ద దిగడం లేదు. ఎందుకైనా మంచిదని పేపర్లో ఇళ్ళ ప్రకటనల పేజీ తీసి, ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టడం కూడా మొదలుపెట్టాడు.

రంగుల కొట్టాయన చెప్పాల్సిందంతా చెప్పాడు. ముందు ఉప్పుకాగితంతో గరుకుగా రుద్దాలి. తర్వాత రంగు పట్టుకునేలా అడుగు పూతగా ప్రైమర్ వేయాలి. అది ఆరాక పల్చగా రెండు పూతలు రంగు వేసి, మూడు రోజులు వేలు కూడా పెట్టకూడదు. గుమస్తా చేతిలో ఉన్నది ఒక్క రోజు. అందుకని రుద్దడమూ, ప్రైమరూ ఎగ్గొట్టి, రెండు పూతలూ కలిపి ఒకే దళసరి పూతగా లాగించేశాడు. లేత బూడిదరంగులో గట్టు నిగనిగలాడిపోయింది. ఇంత తేలిక పనికి రెండేళ్ళు ఎందుకు భయపడ్డానా అని కాసేపు మురిసిపోయాడు కూడా.

పదకొండింటికి వేలు పెట్టి చూస్తే వేలు అంటుకుంది. ఫ్యాను తెచ్చి పెట్టాడు. ఒంటిగంటకీ వేలు అంటుకుంది.

"అత్తయ్యా, నేను రంగుల కొట్టుదాకా వెళ్ళొస్తాను. గట్టు మీద మాత్రం ఏమీ పెట్టకండి."

"నాకెందుకు బాబూ? ఆ దరిదాపులకే పోను" అంది అత్తగారు.

కొట్టాయన అంతా విని తల గోక్కున్నాడు. "ప్రైమర్ వేయలేదా? అయితే ఎప్పుడు ఆరుతుందో చెప్పలేనండీ. అసలు ఆరుతుందని కూడా చెప్పలేను."

గుమస్తా కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చి వంటింట్లోకి తొంగిచూశాడు. గట్టు ఈ చివర నుంచి ఆ చివరదాకా పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద కడిగిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి.

"అత్తయ్యా! గట్టు మీద ఏమీ పెట్టొద్దన్నానా!"

"గట్టు మీద ఎక్కడ పెట్టాను? కాగితం మీద పెట్టాను. గిన్నెల తడి మీ రంగుకి తగలకూడదనే కదా కాగితం పరిచింది! మంచికి పోతే ఇదేం గోల బాబూ?"

గిన్నెలు ఎలాగో ఊడొచ్చాయి. కాగితం రాలేదు. ఒక మూల పట్టి లాగితే ఆ మూల మాత్రమే చేతికొచ్చింది. నీళ్ళు చల్లి చూశాడు, ఇంకా గట్టిగా కరుచుకుంది. సరిగ్గా మధ్యలో, ఎర్ర సున్నాలతో సహా, ఇళ్ళ ప్రకటనల పేజీ వెల్లకిలా పడుకుని ఆయన్నే చూస్తోంది. అప్పుడే తలుపు తట్టిన చప్పుడైంది.

"పళ్ళ డాక్టరు దగ్గరికని ఇటొచ్చానయ్యా. రేపటి పని ఇవాళే కానిచ్చేస్తే నాకూ ఓ తిరుగుడు తప్పుతుంది" అంటూ ఇల్లుగలావిడ లోపలికి వచ్చేసింది.

గుమస్తా పైప్రాణాలు పైనే పోయాయి. రంగు చేతులు వెనక్కి దాచుకుని, ఆవిడని ముందు గదిలో నాలుగు గోడల దగ్గరా నిలబెట్టాడు. పడగ్గదిలో మంచం జరిపాడు. స్నానాలగదిలో కుళాయి తిప్పి చూపించాడు. "ఈ గోడ చూడండి, ఎంత పొడిగా ఉందో! ఈ మూల కూడా ఓసారి చూడండి!"

"చూశాను కదయ్యా, గోడలన్నీ గోడల్లాగే ఉన్నాయి. పద, వంటిల్లు చూద్దాం."

వంటింట్లో ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. వంగింది. ఒక సున్నా చదివింది. ఇంకో సున్నా చదివింది. పేజీ ఎత్తి చూడబోతే అది కదల్లేదు.

"ఇల్లు వెతుక్కుంటున్నారా?"

"అబ్బే... లేదండీ..."

"లేదంటావేం? రోజూ కళ్ళబడాలని జిగురు పెట్టి మరీ అతికించుకున్నారు!" ఆవిడ పేజీ మీద అరచేత్తో చరిచింది. "తొమ్మిదేళ్ళు! ఇంట్లో మనుషుల్లా చూసుకున్నాను. వెళ్ళిపోతామని ఒక్క మాట చెప్పాలనిపించలేదా? మా మేనల్లుడు ఎప్పట్నుంచో ఈ ఇల్లు ఇమ్మని ప్రాణం తీస్తున్నాడు. మీరున్నారనే కాదంటూ వచ్చాను. సరే, వాడికే ఇచ్చేస్తాను."

సంచిలోంచి ఫోన్ తీసి అప్పటికప్పుడే మేనల్లుడి నంబరు నొక్కింది. అవతల రింగవుతోంది. గుమస్తాకి ఏం చేయాలో పాలుపోలేదు. ఇనప గరిటె అందుకుని ఒక్క గెంతున గట్టు మీద పడ్డాడు. బరబరా గీకాడు. కాగితం, రంగు కలిసి ముద్దలు ముద్దలుగా లేచాయి. అడుగున నల్లమచ్చ బయటపడింది.

"ఇదండీ! ఇదీ సంగతి! రెండేళ్ళ కిందట నేనే కాల్చాను. మీరు చూస్తే ఖాళీ చేయిస్తారని భయపడి చచ్చాను. రంగు వేస్తే ఆరలేదు. అత్తయ్య కాగితం పరిచింది. మేం ఎక్కడికీ పోమండీ, దయచేసి మమ్మల్ని పంపించకండి!" చివరి మాటకి ఏడుపొచ్చేసింది ఆయనకి.

ఇల్లుగలావిడ ఫోన్ కట్టేసింది.

"ఈ మచ్చా? పోయినేడాదే చూశాను. వంటింట్లో గట్టు కాలక, పడగ్గదిలో కాలుతుందా?"

గుమస్తా గరిటె కింద పెట్టాడు. గుమ్మంలో అత్తగారు "హమ్మయ్య" అంది.

"ఆగండి, హమ్మయ్యేం కాదు" అంది ఆవిడ. "ఈ గట్టు మా ఆయన దగ్గరుండి వేయించింది. ఈ చెక్క గీతల కోసం ఎన్ని కొట్లు తిరిగారో! మచ్చ పడితే పడింది, వంట చేసిన గట్టు. దానికి ఈ బూడిద పులమమని ఎవడు చెప్పాడయ్యా నీకు? రేపు కాదు, పై ఆదివారానికి మా ఆయన గట్టు నాకు కనబడాలి. సంతకం అప్పుడే."

ఆరనంటే ఆరనని మొండికేసిన రంగు సోమవారానికల్లా రాయి అయి కూర్చుంది. గుమస్తా సెలవు పెట్టాడు. భార్య డ్యూటీ నుంచి వచ్చి, చెయ్యి కూడా కడుక్కోకుండా, తిడుతూ గీకింది. అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని, తనకి అందినంత మేర గీకింది. ఆదివారం ఇల్లుగలావిడ వచ్చి, గట్టంతా చేత్తో తడిమి చూసుకుని, కళ్ళు తుడుచుకుని, మూడేళ్ళకీ సంతకం పెట్టింది.

వెళ్తూ వెళ్తూ, మచ్చని మాత్రం చెక్కు చెదరకుండా కాపాడారని ప్రత్యేకంగా మెచ్చుకుంది.