వెనక పళ్లు, ముందు పళ్లు

సోమవారం పొద్దున మొదటి పేషెంటు రాకముందే సైకిలు చైను కడిగి, ఆరబెట్టి, నూనె వేసేయాలని పళ్ల డాక్టరు ముందురోజే తీర్మానించుకున్నాడు. పెద్ద పనేం కాదు. కాకపోతే ఇంట్లో చేసే వీల్లేదు. ఆమధ్య ఇలాగే వంటింటి సింకులో చైను కడిగితే చాలా రోజులపాటు గిన్నెలన్నీ కిరోసిన్ వాసన కొట్టాయి. ఆ బురద సైకిలు ఇంకోసారి గేటు దాటి లోపలికొస్తే, అదే గేటు దాటి తను బయటికి పోతానని ఆయన భార్య తేల్చి చెప్పింది. ఆమె స్కూల్లో టీచరు. పిల్లలకైనా, మొగుడికైనా ఏ మాటా రెండుసార్లు చెప్పదు.

వారమంతా జనం నోళ్లలోకి తొంగి చూసి చూసి, ఆదివారం వచ్చేసరికి డాక్టరుకి ఆరుబయట పడి పొర్లాలనిపించేది. అందుకు బురద సైకిలు పందేలు సరిగ్గా కుదిరాయి. గట్లు, గుంటలు ఉన్న మైదానంలో తొక్కగలిగినంత సేపు తొక్కడం, తొక్కలేని చోట సైకిల్ని భుజాన వేసుకుని పరుగెత్తడం. ఈ పిచ్చి అంటించింది బావమరిదే. అతను అచ్చాఫీసులో పనిచేస్తాడు. సోమవారం సెలవు.

ఆ సోమవారం బావా బావమరుదులిద్దరూ సైకిల్ని క్లినిక్ వెనక గదిలోకి చేర్చారు. నిన్నటి పందెంలో పొద్దుటినుంచీ వానే. చైను లింకుల్లోకి బురద దూరి గట్టిపడింది. చైను తిరిగే వెనక పళ్ల చక్రాల సందుల్లో గడ్డి ఇరుక్కుంది. పెడలు తిప్పితే ఇసుక నమిలినట్టు చప్పుడు. పళ్ల డాక్టరు దగ్గర పాత టూత్‌బ్రష్షులకి కరువు లేదు కాబట్టి ఇద్దరూ చెరొకటి పట్టుకుని కూర్చున్నారు.

అదే రోజు పదింటికి ఇంకో పని కూడా ఉంది. అత్తగారి పన్ను పీకాలి.

అత్తగారికి ఎడమ దవడ పన్ను పుచ్చి చాలాకాలమైంది. ఒకవైపే నమిలి, ఉప్పునీళ్లు పుక్కిలించి ఆవిడ దాన్ని నెట్టుకొస్తోంది. ఈ లోకంలో ఆవిడ భయపడేది పళ్ల డాక్టర్లకి ఒక్కళ్లకే. ఆ సంగతి కూతుర్ని పళ్ల డాక్టరుకి ఇచ్చి పెళ్లి చేశాక గానీ ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు చెంప ఉబ్బింది. చీము దవడ ఎముకలోకి దిగితే ప్రమాదమని డాక్టరు భయం. సొంత అత్తగారే చెంప పట్టుకుని తిరుగుతుంటే ఊళ్లో తన ముందు నోరెవరు తెరుస్తారని ఇంకో భయం. చివరికి కూతురు బతిమాలి, బెదిరించి ఒప్పించింది. ముందురోజు సాయంత్రం అల్లుడు టార్చిలైటు వేసి నోరంతా చూసి, ముందు పళ్లు బాగానే ఉన్నాయని, వెనక్కాలదే పోయిందని, చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదని ధైర్యం చెప్పాడు.

పదింటిదాకా ఆగితే ఆ ధైర్యం కాస్తా కారిపోతుందని ఆవిడ తొమ్మిదింటికే వచ్చేసింది. ముందుగదిలో బుగ్గ వాచిన టైలరొకాయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. డాక్టరుగారు వెనక గదిలో ఏదో శుభ్రం చేసుకుంటున్నారని కౌంటరు దగ్గరి అమ్మాయి చెప్పింది. ఆ గదికీ ఈ గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క పలకల అడ్డు. ఆవిడ దానికి వీపు ఆనించి కూర్చుంది. లోపల్నుంచి కొడుకు గొంతు వినిపించింది.

"ముందు పళ్లు బాగానే ఉన్నాయి బావా. వెనక పళ్లే బొత్తిగా పోయాయి."

"చూశాను. ఎన్నాళ్లని లాగుతుంది పాపం," అన్నాడు అల్లుడు.

తన పళ్ల గురించి కొడుక్కి ఇంత శ్రద్ధ ఉందని ఆవిడ ముచ్చటపడింది. ముచ్చట ఎక్కువసేపు నిలవలేదు. పళ్లన్నీ విడివిడిగా ఊడదీసి కిరోసిన్‌లో నానబెడదామన్నాడు కొడుకు. నానబెడితే చాలదు, సన్నటి స్క్రూడ్రైవరు పెట్టి సందులన్నీ గీకాలన్నాడు అల్లుడు. టైలరు బుగ్గ మీంచి చెయ్యి తీసి ఆవిడ వైపు చూశాడు. తనకి వినిపించిందే ఆయనకీ వినిపించిందా అని ఆవిడ మెల్లగా అడిగింది. ఆయన అవునని తలూపి, కొట్లో ఎవరో ఎదురుచూస్తున్నారని చెప్పి లేచాడు. చెప్పులు తొడుక్కోవడానికి కూడా ఆగలేదు, చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

"మరి చైను?" అంటున్నాడు కొడుకు.

"ముందు తీయాల్సింది అదే. అది తీస్తే గానీ పళ్ల దగ్గరికి చెయ్యి పోదు."

ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే మెళ్లోని బంగారు గొలుసు మీదికి వెళ్లింది. పన్ను పీకడానికి గొలుసు తీయడమేమిటో ఆవిడకి అంతుపట్టలేదు. మత్తుమందు ఇచ్చాక తీస్తారా, ఇవ్వకముందే తీస్తారా? ఆ సంగతి తేలకముందే లోపల మాట ఇంకో మలుపు తిరిగింది.

"అసలు ఈ ఆదివారం దాకా లాగుతుందంటావా?" అన్నాడు అల్లుడు.

"కష్టం బావా. ఆదివారం దాటదు. నడుస్తూ నడుస్తూనే పుటుక్కుమంటుంది."

"మీ అక్కకి మాత్రం చెప్పకు."

"నేనెందుకు చెబుతాను? పాతది తీసేసి కొత్తది పెట్టేశాక చెబుదాం. అప్పుడు తనూ ఏం అనలేదు."

కొత్తది పెట్టడమంటే ఏమిటో, కొత్త అత్తగారిని అల్లుడు ఎక్కణ్ణించి తెస్తాడో ఎంత ఆలోచించినా ఆవిడకి అర్థం కాలేదు. కానీ ఆదివారం దాటదన్న మాటలో అర్థం కాకపోవడానికేమీ లేదు. చెంపవాపు లోలోపల ఎక్కడికో పాకిపోయిందన్నమాట. టార్చిలైటు వేసి చూసినప్పుడే అల్లుడు కనిపెట్టాడు, కనిపెట్టి చీమ కుట్టినంత అని అబద్ధమాడాడు. అన్నిటికంటే ఆవిడని గుచ్చింది మాత్రం చావు కాదు. ఎదురుపడితే అత్తయ్యగారూ అని ఒంగిపోయే అల్లుడు, పలకల చాటున 'లాగుతుందా' అన్నాడు. 'లాగుతారా' అనలేదు.

వరండాలోకి వెళ్లి కూతురికి ఫోన్ చేసింది. క్లాసులో ఉందేమో, ఎత్తలేదు. ఇక మిగిలింది అక్క. అక్కతో మాటలు లేక ఎన్నో ఏళ్లయింది. తల్లి కుట్టుమిషను ఎవరికి రావాలన్న దాని మీద ఇద్దరూ విడిపోయారు. మిషను అక్క దగ్గరే ఉండిపోయింది. అక్కకీ కుట్టడం రాదు, ఈవిడకీ రాదు. ఇప్పుడు నంబరు నొక్కుతుంటే ఆవిడకి ఆ మిషను వట్టి ఇనప ముక్కలా తోచింది. "అక్కా, నేనే," అని, ఆదివారం సంగతి చెప్పి, తప్పంతా తనదేనని కూడా చెప్పేసింది. అటువైపు చాలాసేపు ఏడుపు వినిపించింది. పోయేవాళ్లు ఒప్పేసుకుంటే పోయేదేముందని ఈవిడ ధైర్యం.

ఇంతలో కూతురే తిరిగి ఫోన్ చేసింది. కంగారేం లేదని, పన్ను కోసమే వచ్చానని, కాకపోతే ఆదివారం దాటేలా లేనని తమ్ముడూ, మీ ఆయనా అనుకుంటుంటే విన్నానని ఆవిడ నిదానంగా చెప్పింది. నీకు తెలిస్తే బాధపడతావని దాస్తున్నారు, వాళ్లని ఏమీ అనకమ్మా అని కూడా చెప్పి పెట్టేసింది.

ఆ నిదానమే కూతుర్ని భయపెట్టింది. వెంటనే క్లినిక్‌కి ఫోన్ చేసింది. డాక్టరు చేతులు మోచేతుల దాకా కిరోసిన్‌లో ఉన్నాయి. కౌంటరు అమ్మాయి ఫోన్ తెచ్చి ఆయన చెవికి ఆనించింది.

"ఆదివారం దాటదట. నిజమేనా?"

డాక్టరు బావమరిది వైపు కొరకొరా చూశాడు. అతను తనకేం తెలియదన్నట్టు చేతులు తిప్పాడు.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబితే మీకేం? దాటుతుందా, దాటదా?"

"దాటదు. కొలిచి మరీ చూశాను."

నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా అని ఆమె అడిగింది. చెబితే ఊరుకుంటావా, పోయినసారి ఎంత రభస చేశావో గుర్తులేదా అని ఆయన అడిగాడు. పోయినసారేమిటో ఆమెకి తెలియలేదు. మొన్నటిదాకా బాగానే ఉందని, నిన్న బురదలో అంతసేపు ఈడ్చేసరికే పని అయిపోయిందని ఆయన వివరించాడు. ఆమె వెనక స్కూలు గంట మోగడంతో ఈడ్చిందెవర్నో, ఎందుకో అడగడానికి వీలు చిక్కలేదు.

"నేను వస్తున్నాను. ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు," అని మాత్రం అంది.

సైకిలు మీద యుద్ధానికే వస్తోందని డాక్టరుకి అర్థమైంది. వెంటనే దాన్ని మేడమీదికి చేర్చమని బావమరిదికి చెప్పాడు. చేతులు మళ్లీ మళ్లీ సబ్బుతో రుద్ది కడుక్కుని, కోటు మార్చుకుని ముందుగదిలోకి వచ్చేసరికి అత్తగారు అప్పటికే లోపలికి వెళ్లి పన్ను పీకే కుర్చీలో కూర్చుని ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ కుర్చీని దూరం నుంచి చూడ్డానికే ఒప్పుకోలేదు.

మనిషి పోతుంటే పన్నుకి భయపడటం ఏం మర్యాదని ఆవిడ నిర్ణయానికొచ్చింది. మెళ్లోంచి గొలుసు తీసి అల్లుడి చేతిలో పెట్టింది.

"ముందు ఇదే తీయాలన్నారుగా. తీసుకోండి."

ఎక్సరే తీసేటప్పుడు గొలుసు అడ్డొస్తుందని ఆయన రోజూ అందరికీ చెప్పే మాటే.

"మంచిపని చేశారు అత్తయ్యగారూ. నేనే అడుగుదామనుకుంటున్నాను," అన్నాడు.

ఇంత నిర్భయంగా దోచుకునే మనిషిని ఆవిడ తన జన్మలో చూడలేదు. కళ్లు మూసుకుని నోరు తెరిచింది. సూది గుచ్చినా ఉలకలేదు, పట్టకారు పెట్టినా పలకలేదు. డాక్టరు జీవితంలో అంత సుఖంగా ఊడిన పన్ను లేదు. దూది కరిపించి, కాసేపు మాట్లాడవద్దని చెప్పి, గొలుసు పోకుండా కోటు జేబులో వేసుకున్నాడు.

అదే సమయానికి టీచరు టాక్సీ దిగి పరుగెత్తుకొచ్చింది. ఊడదీసిన సామానంతా సర్దేసరికి అంతసేపైన తమ్ముడు ఎదురుగా మెట్ల మీద, భుజాన తెల్ల దుప్పటి కప్పినదేదో వేసుకుని, ఒక్కో మెట్టే జాగ్రత్తగా ఎక్కుతున్నాడు. దుప్పటి కింద చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. అవి ఆమె కంటికి ఆనలేదు. కింది మెట్టు మీద కూలబడింది.

"ఎప్పుడురా?" అంది.

"ఇప్పుడే అక్కా," అన్నాడు అతను తప్పు చేసినవాడిలా. "నువ్వు చూస్తే బాధపడతావని బావే పైకి తీసుకెళ్లమన్నాడు."

ఆమె ఏడుపు విని ముందు డాక్టరు, ఆయన వెనకే బుగ్గలో దూదితో తల్లి బయటికొచ్చారు. తల్లిని చూసి ఆమె ఏడుపు ఆపి, దుప్పటి వైపు చూసి మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపింది. అయితే ఆ పైకి వెళ్తున్నదెవరని అడిగింది. తల్లి నోరు తెరవలేక, అల్లుడి కోటు జేబునీ, తన మెడనీ, ఆకాశాన్నీ మార్చి మార్చి చూపించింది. టీచరు భర్త జేబులో చెయ్యి పెట్టి తల్లి గొలుసు బయటికి లాగింది. ఇదేమిటని అడిగితే, ఎక్సరేకి ఎవరిదైనా తీయిస్తానని ఆయన చెప్పాడు. మరి ఆదివారం మాటేమిటని అడిగితే, చైను ఆదివారం దాటదని మళ్లీ అదే చెప్పాడు. ఏ చైనని ఆమె గట్టిగా అడిగాక గానీ డాక్టరుకి తాను ఎవరి గురించి ఏం మాట్లాడాడో తట్టలేదు. బావమరిది దుప్పటి తీశాడు. వెనక గదిలోంచి కిరోసిన్ కారుతున్న చైను తెచ్చి తల్లీకూతుళ్లిద్దరి ముందూ వేలాడదీశాడు.

ముందు టీచరే నవ్వింది. కొత్త చైను, కొత్త పళ్ల చక్రాలు కొనుక్కోమంది. వాటిని కడిగేది మాత్రం ఇకమీదట పెరట్లో, తన కళ్లెదుటే జరగాలంది. గేటు లోపలికి సైకిలు రావడానికి అనుమతి దొరికిన ఆ రోజు డాక్టరుకి ఆమె ఎందుకు ఒప్పుకుందో పూర్తిగా అర్థం కాకపోయినా, అడిగితే పోతుందేమోనని అడగలేదు. తల్లిని ఆమె తమ ఇంటికే తీసుకెళ్లింది.

మధ్యాహ్నానికి వాపు కాస్త తగ్గింది. ఆవిడ మంచం మీద దిండ్లకి ఆనుకుని ఐస్‌క్రీము తింటోంది. పన్ను పోయింది, గొలుసు మెళ్లోకి వచ్చింది, చావు తప్పింది. పీకేది అంత సుఖమని తెలిస్తే ఇన్నేళ్లు ఆగేదాన్నే కాదని కూతురితో చెబుతోంది. అప్పుడు గుమ్మం ముందు టాక్సీ ఆగింది. ముందు ట్రంకుపెట్టె దిగింది, తర్వాత కుట్టుమిషను, ఆ తర్వాత ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిన అక్క.

అక్క గుమ్మంలోనే నిలబడి చెల్లెల్నీ, చెల్లెలి చేతిలో చెంచానీ చూసింది. కూతురు గబగబా సైకిలు కథంతా మొదటినుంచీ చెప్పింది. అక్క ఓపిగ్గా విని, అయితే ఫోనులో ఒప్పుకున్న తప్పు కూడా సైకిలుదేనా అని అడిగింది. చెల్లెలు ఐస్‌క్రీములోకి చూస్తూ, పన్ను పీకినచోట ఇప్పుడు కాస్త సలుపుతోందని, మాట్లాడకూడదని అల్లుడు చెప్పాడని చెప్పింది. అక్క మిషను మీంచి చెయ్యి తీయకుండానే ట్రంకుపెట్టె లోపల పెట్టించింది.

"వచ్చాను కదా, ఎందుకైనా మంచిది, ఆదివారం దాకా ఉండి చూసి వెళ్తాను," అంది.

ఏ ఆదివారమో చెప్పలేదు.