పై గడిలో ఉన్నాయన

రత్నావళి కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చేసరికి, పడక్కుర్చీలో ఆమె భర్త వీరభద్రం బదులు అక్షరక్రమం ప్రకారం వచ్చిన ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు.

ఆయన మర్యాదగా లేచి నిలబడ్డాడు. తన పేరు రత్నాకరమనీ, నిన్నటిదాకా చేపలచెరువు వీధిలో ఉండేవాడిననీ, తెల్లవారుజామున ఇక్కడికి మార్చారనీ చెప్పాడు.

"మరి మా ఆయనేరండీ?"

"‘వ’ల్లో ఉంటారండి. ఏమీ అనుకోకపోతే పంచదార కాస్త తగ్గించండి."

కొత్తరేవు మున్సిపాలిటీలో ఇందులో వింతేమీ లేదు. ఊళ్ళో జనమంతా ఆఫీసు కంప్యూటర్లో ఒకే పట్టికలో ఉంటారు. పెళ్ళయిన ఆడవాళ్ళ ఎదురుగా భర్త పేరు ఉండదు, ‘పై గడిలో ఉన్నాయన’ అనే ఫార్ములా ఉంటుంది. మగవాళ్ళ ఎదురుగా ‘కింది గడిలో ఉన్నావిడ’ అని ఉంటుంది. పట్టిక కదలనంతకాలం కాపురాలు సవ్యంగానే నడుస్తాయి. నిన్న ఎవరో పేర్లను అక్షరక్రమంలో సర్దారు. పేర్లు కదిలాయి గానీ, ఫార్ములాలు మాత్రం పైన ఎవరు పడితే వారినే పట్టుకున్నాయి. పైన ఇంకో ఆడపేరు వచ్చినవాళ్ళకు కంప్యూటరు ‘తప్పు’ అని చూపించింది. వాళ్ళను ప్రస్తుతానికి పుట్టిళ్ళకు వెళ్ళమన్నారు.

సాయంత్రం ఐదింటికి పట్టిక జిల్లాకు వెళ్తుందనీ, వెళ్ళగానే పౌరుల జ్ఞాపకాలు కూడా కొత్త వరుసకు సర్దుకుంటాయనీ, ఎవరూ కంగారు పడనక్కర్లేదనీ నోటీసు బోర్డు మీద అతికించారు.

ఊరు కంగారు పడలేదు. రత్నావళి పడింది.

"నీకేమొచ్చింది వదినా, బంగారంలాంటి మనిషొచ్చాడు," అంది పక్కింటి సత్యవేణి, గోడ మీదుగా తొంగిచూస్తూ. రత్నాకరం అప్పటికే, ఏడాదిగా పడని కిటికీ గడియ బాగుచేస్తున్నాడు. "మా ఇంటికొచ్చినాయన చూడు, లేచిన దగ్గర్నుంచీ పేపరు దించలేదు."

"మీ పాతాయనా అంతేగా."

"అందుకే నాకు పెద్ద తేడా తెలీలేదులే."

వీరభద్రం గురక పెడతాడు. తాళంచెవులు ఎక్కడో పెట్టి ఇల్లంతా ఆమెచేత వెతికిస్తాడు. కానీ రాత్రి ఆమెకు కాళ్ళు లాగితే, నిద్రలేవకుండానే చేయి చాచి పాదం నొక్కుతాడు. పొద్దున అడిగితే అదేమీ గుర్తుండదు. ఐదు దాటితే అది తనకూ గుర్తుండదన్న సంగతి రత్నావళికి మింగుడుపడలేదు. చెప్పులు వేసుకుని బయల్దేరింది.

నాలుగు వీధుల అవతల, పట్టికలో ఇప్పుడు తన కింది గడిలో పడ్డ వీరమణి ఇంట్లో వీరభద్రం పెసరట్టు తింటున్నాడు.

"నువ్వు తిన్నావా రత్నం?" అన్నాడు.

"మీకు గొంతు ఎలా దిగుతోందండీ?"

"పెట్టారు, తింటున్నాను. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, వాళ్ళాయన ‘బ’లోకి పోయాడు." గొంతు తగ్గించాడు. "ఐదింటిదాకా నేను నీవాణ్ణే. ఆ తర్వాత సంగతి నాకు తెలీదు. ఏదన్నా చేసేదుంటే తొందరగా చెయ్యి."

ఆమె మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళింది. నాలుగు దాటేదాకా బయట బల్ల మీద కాచుకున్నాక, కొత్త కమిషనర్ ఆమెను లోపలికి పిలిచి కూర్చోమన్నాడు.

"నేను పేర్లు వరసలో పెట్టమన్నానమ్మా. మనుషుల్ని పెట్టమనలేదు. ఎవరు సర్దారో మాకింకా తెలీలేదు, విచారణ వేశాను. పాత వరుస ఆ మనిషికే తెలుస్తుంది. అది దొరికితే ఇప్పుడే మార్పిస్తాను."

"ఇంకెంతమంది వచ్చారండీ దీని గురించి?"

"మీరొక్కరేనమ్మా."

కంప్యూటర్ గదిలో ఆపరేటర్ తాతాజీ ఒక్కడే ఉన్నాడు. నెరిసిన జుట్టు, మెత్తటి మాట. ఆమెను చూడగానే కుర్చీ తుడిచి వేశాడు.

"క్రమసంఖ్యలుంటాయి కదా బాబూ. వాటి ప్రకారం మళ్ళీ పెట్టెయ్యొచ్చుగా?"

"అవీ ఫార్ములాలేనండి. పైదానికి ఒకటి కలుపు అని. ఎవర్ని ఎటు తిప్పినా ఒకటి నుంచి మొదలై బుద్ధిగా నిలబడతాయి. చూసినవాళ్ళకి ఏమీ జరిగినట్టే ఉండదు."

"ఇది చేసినవాడెవడో నీకు తెలుసు."

తాతాజీ గోడగడియారం వైపు చూశాడు. ఐదు కావస్తోంది. టీ కొట్టుకు ఫోను చేసి రెండు చెప్పి, తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు.

"నేనేనండి. ఇంతమందికి మొగుళ్ళ పేర్లు ఒక్కొక్కటీ ఎవడు కొడతాడని, మొదట్లో ఒక ఫార్ములా రాసి కిందిదాకా లాగేశాను. ఆ పూట పని అయిపోయింది. తర్వాత కొత్త కమిషనర్ వచ్చినప్పుడల్లా ముందు చెప్పే మాట ఒకటే, పట్టిక వరసలో పెట్టమని. ఈయనకి అక్షరాల వరస కావాలి. ఇంతకుముందాయనకి రేషన్ కార్డుకి అర్జీ పెట్టుకున్న వరస కావాల్సొచ్చింది. ఆ రోజు క్యూలో వీరభద్రం గారి వెనక మీరు నిలబడ్డారు. అంతేనండి, అలా అయ్యారు ఆయన మీకు భర్త. ఏడవకండి. ఇప్పుడు నన్ను ఏ వరసకి మార్చమంటారు? దానికి ముందుదానికా, ఆ ముందుదానికా? ఊళ్ళో అడగడానికి ఎవరూ రారు, మీరొక్కరే వస్తారు. పోయినసారీ వచ్చారు, ఇదే కుర్చీలో కూర్చున్నారు. అప్పుడు మీరు మీ ఆయన కామేశం గారే కావాలంటూ ఏడ్చారు. ఆయన మీకు జ్వరమొస్తే పక్కన కూర్చుని పాటలు పాడేవారట. పేరు విన్నా మనిషి గుర్తు రావట్లేదు కదా, రారండి. నేనప్పుడు కూడా ఇలాగే ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను, టీ తెప్పించాను. మీరు తాగి, ఐదు కొట్టగానే గ్లాసు కింద పెట్టి, ‘నేనిక్కడికి ఎందుకొచ్చానండీ’ అని నన్నే అడిగారు. కుళాయి గురించి వచ్చారని చెప్పి పంపించాను."