లిఫ్టు లేని ఊళ్ళో మెకానిక్కు

ఆ రోజు పొద్దున్నే సత్యరాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంటే భార్య ఎలీసమ్మ మరోసారి పాఠం చెప్పింది. "ఏ పని వచ్చునని అడిగితే ఏటీ రాదని సెప్పు. లిఫ్టు మాటెత్తావో, నానూరుకోను!"

ఆవిడ భయం ఉత్తది కాదు. బర్మా వాళ్ళు పొమ్మంటే కట్టుబట్టలతో విజయనగరం తిరిగొచ్చిన సంసారం అది. అలా వచ్చినవాళ్ళలో ఏదైనా పని తెలిసినవాడికి ఆ పనే ఇవ్వాలి, వేరేది ఇవ్వకూడదని సర్కారు రూలు. ఏ పనీ రాదన్నవాడికి మర్నాడే కూలిపని. ఎలీసమ్మ అన్న కృపానిధి రంగూన్లో ట్రాము నడిపానని నిజం చెప్పి, ఊళ్ళో ట్రాము లేక రెండేళ్ళుగా అరుగు మీదే ఉన్నాడు. సత్యరాజేమో అక్కడ లిఫ్టులు బాగుచేసేవాడు. ఇక్కడ ఇంట్లో బియ్యం నిండుకున్నాయి.

ఎంప్లాయిమెంటు ఆఫీసులో గణపతిరావు తలెత్తకుండా అడిగాడు. "ఏ పని వచ్చు?"

"ఏటీ రాదు బాబూ."

"మరి రంగూన్లో తిని తొంగున్నావేటి?"

సత్యరాజుకు పౌరుషం పొడుచుకొచ్చింది. "తొంగోడమేటి బాబూ! ఆరంతస్తుల మేడలో లిఫ్టు ఆగిపోతే దొరలు నా కోసం కారు పంపేవోరు!"

"శభాష్! లిఫ్టు మెకానిక్కు!" గణపతిరావు రాసేసుకున్నాడు. "ఊళ్ళోకి లిఫ్టొచ్చాక కబురు పెడతాను. వెళ్ళు."

సంగతి విని ఎలీసమ్మ నెత్తి కొట్టుకుంది, ఏడ్చింది, మొగుణ్ణి నాలుగు తిట్టింది. ఆపైన కొంగు బిగించి వెళ్ళి ఆఫీసు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "లిఫ్టన్నా పెట్టు, కూలన్నా ఇయ్యి. అందాకా నాను లెగను."

రోజూ ఆవిడను దాటలేక గణపతిరావుకు ప్రాణం విసిగింది. లిఫ్టు మెకానిక్కు ఉన్నాడు, పోస్టు లేదు, ఏం చెయ్యమంటారని పైవాళ్ళకు రాసి పడేశాడు. వాళ్ళు దాన్ని ఇంకా పైకి తోశారు. మనిషుండి పోస్టు లేకపోవడం ఘోరమని అక్కడెవరో పోస్టు ఇచ్చేశారు. పోస్టున్నాక లిఫ్టు లేకుండా ఉంటుందా అనుకుని, ఆ ఆఫీసులోనే లిఫ్టుకో గది చూడమన్నారు. ఆ పెంకుటింటి ఆఫీసుకు ఉన్నది ఒకటే గది. అది గణపతిరావుది.

"ఇదేం ఖర్మరా దేవుడా!" అనుకుంటూ ఆయన బల్లా కుర్చీ వరండాలోకి మోయించుకున్నాడు. సత్యరాజు ఖాకీ చొక్కాతో, మహారాజులా లోపలికి నడిచి, ఇంకా రాని లిఫ్టు కోసం ఫ్యాను కింద కూర్చున్నాడు.

మొదటి జీతానికి ఎలీసమ్మ వీధి వీధంతా మిఠాయి పంచింది. ఆఖరి లడ్డు కృపానిధి చేతిలో పెట్టి, "అన్నా, రేప్పొద్దున్న నీ ట్రాము కోసం ఆ గుమ్మంలోనే కూకుంటాను," అంది.

ఏడాది చివర లిఫ్టు పనితీరు ఎలా ఉందని పైనుంచి అడిగితే, ఒక్కరోజు కూడా చెడిపోలేదని గణపతిరావు వరండాలోంచే జవాబు రాశాడు.