ఎవరిదీ కాని చుక్క

ప్రపంచంలో మహామహులు ఏళ్ల తరబడి తలలు బద్దలు కొట్టుకుంటున్న ఒక గణిత సమస్యను, మన్సూరాబాద్ పక్కనున్న వినాయక్ నగర్ ఫేజ్ టూ సంక్షేమ సంఘం 1987 వేసవిలో సర్వసభ్య సమావేశం జరిపి మూజువాణి ఓటుతో పరిష్కరించింది. ఈ సంగతి ఏ గణిత పత్రికలోనూ రాలేదు. సంఘం వారు పంపలేదు. అప్పట్లో వారు కాలనీ మొదట్లో ఆర్చి కట్టించే పనిలో తీరిక లేకుండా ఉన్నారు.

ఫేజ్ టూ అన్నారు గదా అని ఫేజ్ వన్ కోసం ఎవరూ వెతకవద్దు. అది లేదు. సంఘాధ్యక్షులు పాండురంగం గారి తాతల నాటి జొన్నచేను ప్లాట్లుగా మారినప్పుడు, రెండోది అంటే మొదటిది అమ్ముడుపోయినట్టే గదా అని కొనేవాళ్లకు ధైర్యం కలుగుతుందని ఆయన ఆ పేరు పెట్టారు. ధైర్యం కలిగిన వాళ్లందరూ వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. కరెంటు వచ్చింది, బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చింది, నీళ్లు మాత్రం రాలేదు. నీళ్లకు ట్యాంకరు వచ్చేది. ట్యాంకరు వచ్చిన రోజు కాలనీలో చదువుకున్న వాళ్లెవరో, చదువుకోని వాళ్లెవరో పోల్చుకోవడం కష్టంగా ఉండేది.

ఆ కాలనీ మొదటి వీధిలో దశరథ అనే గణిత పరిశోధకుడు ఉండేవాడు. పోచంపల్లి మగ్గాల ఇంట పుట్టి, యూనివర్సిటీలో చేరి, ఆరేళ్లుగా ఒకే ఒక్క సమస్య మీద కూర్చున్నాడు. ఏమిటా సమస్య అంటే, కాగితం మీద కొన్ని చుక్కలుంటాయి. వాటన్నిటినీ కలుపుతూ గీతలు గీయాలి. గీతల మొత్తం పొడవు వీలైనంత తక్కువ కావాలి. చుక్క నుంచి చుక్కకు గీసుకుంటూ పోతే ఒక పొడవు వస్తుంది. మధ్యలో ఎక్కడో, ఎవరూ అడగని చోట, కొత్త చుక్క ఒకటి పెట్టి గీతలన్నీ అక్కడ కలిసేటట్టు చేస్తే ఆ పొడవు తగ్గుతుంది. ఎంతదాకా తగ్గగలదు? నూటికి పదమూడు, పద్నాలుగు పాళ్ల మధ్య ఆగిపోతుందని అందరి నమ్మకం. రుజువు మాత్రం ఎవరి దగ్గరా లేదు. దశరథ దగ్గరా లేదు. అందుకే యూనివర్సిటీ వారు ఆయనకు జీతం ఇస్తున్నారు.

ఈ సంగతి సంఘానికి తెలియడానికి కారణం కార్యదర్శి పూర్ణచంద్రరావు గారు. ఆయనది తెనాలి. దశరథ ఇంటికి ఎదురిల్లే. ఒకనాడు పేపరు అరువుకు తీసుకోవడానికి వెళ్లి, టేబుల్ మీద చుక్కలూ గీతలూ చూసి, ఇవేమిటండీ అని అడిగారు. ఆరేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి గనుక దశరథ టీ ఇచ్చి మరీ చెప్పాడు. పూర్ణచంద్రరావు గారు అంతా విని, ఆ చుక్కల స్థానంలో ఇళ్లనీ గీతల స్థానంలో నీళ్ల పైపుల్నీ ఊహించుకుని, లేచి నిలబడ్డారు.

అప్పటికే ప్రభుత్వం వారు ఒక ఉత్తర్వు పంపి ఉన్నారు. పెద్ద పైపు కాలనీ మొగదల దాకా తెస్తాం, లోపలి లైనుకు పైపులిస్తాం, తవ్వకం మీది, లైను అతి తక్కువ పొడవులో ఉన్నట్టు అర్హుడైన గణితజ్ఞుడు ధ్రువపరచాలి అని. గణితజ్ఞుడు ఎక్కడ దొరుకుతాడని సంఘం పరేషాన్‌లో ఉండగా, ఎదురింట్లోనే దొరికాడు.

వెంటనే సన్మానం జరిగింది. శాలువా కప్పాక పూర్ణచంద్రరావు గారు ప్రసంగించారు. "గణితం రెండు రకాలండి. ఒకటి ప్యూర్. అంటే మన ఊరి నెయ్యి లాగా కల్తీ లేనిది. రెండోది అప్లయిడ్. అంటే మన టెలిఫోన్ లాగా అప్లై చేసి ఉన్నది, ఇంకా శాంక్షన్ కానిది. దశరథ గారు ఈ రెండింటిలోనూ పని చేస్తున్నారంటే మన కాలనీ ప్లాట్ల విలువ ఎంత పెరుగుతుందో మీరే ఆలోచించుకోండి." సభ ఆలోచించుకుంది. చప్పట్లు చాలాసేపు మోగాయి.

దశరథకు సంతోషంగానే ఉంది. ఆయన భార్య ఆండాలుకు ఆ నీళ్ల లైను సంతోషం కన్నా అవసరం. ట్యాంకరు దగ్గర బిందెలు మోసీ మోసీ ఆమె కుడి భుజం పైకి లేవడం లేదు. ఈ ఎండాకాలం కూడా నీళ్లు రాకపోతే వానలు పడేదాకా పోచంపల్లిలో తల్లిగారింట్లో ఉంటానని ఆమె ముందే చెప్పింది. గొడవ పెట్టుకుని కాదు, మామూలుగానే చెప్పింది. అందుకే దశరథకు భయం పట్టుకుంది.

ఆయన సెలవు పెట్టి, లేఅవుట్ ముందేసుకుని, లైను గీశాడు. చిన్న పనేం కాదు. చివరికి గీతలన్నీ చక్కగా కుదిరి ఒక కొత్త చుక్క దగ్గర కలిశాయి. ఆ చుక్క లేఅవుట్‌లో పార్కు అని రాసి ఉన్న జాగాలో పడింది. అంతకన్నా మంచి చోటు దొరకదని ఆయన పొంగిపోయి, సుత్తీ మేకూ పట్టుకుని పార్కుకు వెళ్లాడు. పార్కులో పాండురంగం గారి బామ్మర్ది ఇల్లు స్లాబ్ దాకా లేచి ఉంది.

పాండురంగం గారు అక్కడే నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. దశరథ లేఅవుట్ విప్పి, గీతలు కలిసే చోటు ఎవరిదీ కానిదై ఉండాలని, అందుకే పార్కులో పెట్టానని విన్నవించుకున్నాడు. పాండురంగం గారు కోప్పడలేదు. ఆయన మర్యాదస్తులు.

"సార్, ఎవ్వరిది గాని జాగ ఈడ ఉండది," అన్నారు. "ఎవ్వరిది గాకుంటె అది నాదే."

గణితంలో ఇంత స్పష్టమైన వాక్యం దశరథ అంతవరకు వినలేదు. ఇంటికొచ్చి లైను మళ్లీ గీశాడు.

రెండో లైనును సర్వసభ్య సమావేశంలో పెట్టారు. గీతలు వీధుల వెంట కాకుండా వాలుగా ఎందుకు పోతున్నాయని ఒకరు ఆక్షేపించారు. మూడు గీతలు కలిసే చోట కోణం నూట ఇరవై డిగ్రీలుండాలని దశరథ చెబితే, వాస్తు ప్రకారం తొంభైకి మించకూడదని ఇంకొకరు సవరణ ప్రతిపాదించారు. సవరణ నెగ్గింది. ఈశాన్యం వాళ్లు నీళ్లు తమ వైపు నుంచి రావాలన్నారు, నైరుతి వాళ్లు తమ మీదుగా పోరాదన్నారు. రెండూ నెగ్గాయి. చివరగా పాండురంగం గారు లేచి, తూర్పున పెద్ద అంబర్‌పేట్ దిక్కు ఇంకా అమ్ముడుపోని తన ప్లాట్లున్నాయని, రేపు అక్కడికొచ్చే పేదసాదల గొంతు ఎండకుండా లైను ముందుగా అటు పోయి, తర్వాత ఇళ్లకు తిరిగి రావాలని కోరారు. సభ కరిగిపోయింది. ఈ లైనే అతి తక్కువ పొడవు గలదని తీర్మానం ప్రవేశపెట్టగా, అందరూ సై అన్నారు. సిద్ధాంతం అక్కడికక్కడే నెగ్గింది.

ఇక సంతకమే మిగిలింది. దశరథ కాగితాన్ని ముట్టుకోలేదు. ఇది పొట్టి లైను కాదని, అసలుదానికి రెండింతలకు పైగా ఉందని, సంతకం చెయ్యలేనని మెల్లగా అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతకన్నా గట్టిగా మాట్లాడిన మనిషి కాడు.

"గీ లెక్క దునియల ఎవ్వలకు తేలలేదని నువ్వే అంటివి గద సార్," అన్నారు పాండురంగం గారు. "తేలని లెక్కల మాది తప్పని ఎట్లంటవు?"

తేలనిది వేరు, ఇది వేరు అని దశరథ వివరించబోయాడు. వివరణ సగానికి రాకముందే టీ వచ్చింది.

సంతకం కోసం సంఘం దిల్‌సుఖ్‌నగర్ వెళ్లింది. అక్కడ జనార్ధన్ సార్ అనే ఆయన మేడ మీద కోచింగ్ సెంటరు నడుపుతున్నాడు. షార్ట్‌కట్లలో ఆయనకు సాటి లేరని పేరు. ఒక్కొక్క లెక్కకు నిమిషానికి మించి ఇవ్వడు. ఆయన లేఅవుట్ వైపు చూడనైనా చూడలేదు. జవాబులు నాలుగూ చదవండి అన్నాడు. నాలుగు లేవు, ఒకటే ఉందని పూర్ణచంద్రరావు గారు మనవి చేస్తే, అయితే ఇంకా తేలిక అని సంతకం చేసి ముద్ర కొట్టాడు. ఆ ఏడు కాలనీ పిల్లలందరూ ఆయన దగ్గరే చేరారు.

లైను పడింది. కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు పెద్ద పైపులోంచి బయల్దేరి, మొదటి వీధి ముందు నుంచే గలగలమంటూ తూర్పుకు పోయి, ఖాళీ ప్లాట్లలో జాయింట్ల దగ్గర కారి తుమ్మచెట్లను పచ్చగా చేసి, అలిసిపోయి, ఇళ్ల దగ్గరికొచ్చేసరికి గాలిగా మారాయి. నల్లాలు తిప్పితే ఈల వినిపించేది. ట్యాంకరు మళ్లీ రావడం మొదలుపెట్టింది. దశరథ సార్ సంతకం పెట్టి ఉంటే నీళ్లు వచ్చేవని, గర్వం కొద్దీ పెట్టలేదని కాలనీ ఒక నిర్ణయానికి వచ్చింది.

ఆండాలు సంచి సర్దుకుంది. దశరథ గుమ్మంలో నిలబడి చూశాడు. బస్సుకు ఇంకా టైముంది. ఆయన లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చి, ఆమె ముందు మూడు చుక్కలు పెట్టాడు. ఒకటి ఇంటికి ఎడమ పక్క సందులోంచి పోయే పైపు. ఒకటి కుడి పక్కింటి యాదమ్మ పశువుల కొట్టం. ఒకటి ఎదురింటి పూర్ణచంద్రరావు గారి తొట్టి. మూడూ కలిసే నాలుగో చుక్క తమ వాకిట్లో, ఆమె బట్టలుతికే బండ కింద పడింది. ఆ చుక్క ఎవరిదీ కాకుండా పోవాలంటే ముందు మనది కాకుండా పోవాలె, పైపు విప్పినంక ఎవరొచ్చి పట్టుకున్నా కాదనొద్దు అన్నాడు. పెళ్లయ్యాక ఆయన తన లెక్క గురించి ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

ఆండాలు కాగితాన్ని కాసేపు చూసింది. "బండ తీస్తె తియ్యి గని, కొత్త బండ తెచ్చి గోడ పొంట ఎయ్యాలె," అంది. సంచి లోపల పెట్టొచ్చింది.

యాదమ్మది పాత మన్సూరాబాద్ కాపుల ఇల్లు. నాలుగు బర్రెలున్నాయి, వాటికి నీళ్లు లేక పాలు తగ్గాయి. అడగ్గానే గడ్డపార పట్టుకొచ్చింది. పూర్ణచంద్రరావు గారు మాత్రం కార్యదర్శి హోదాలో దీన్ని ఖండిస్తున్నానని చెప్పి, లుంగీ ఎగ్గట్టి, గృహస్థు హోదాలో తవ్వారు. బాగానే తవ్వారు. సాయంత్రానికి జాయింటు కుదిరింది. ఆండాలు నల్లా తిప్పితే ముందు ఈల వినిపించింది, తర్వాత మట్టినీళ్లు వచ్చాయి, తర్వాత మంచినీళ్లు వచ్చాయి. దశరథ ఆ నీళ్లలో చెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాడు. ఆయన రుజువు చెయ్యలేకపోయిన పొడవు ఆయన వేళ్ల మీద నుంచి పారుతోంది.

వారం తిరిగేసరికి కాలనీ అంతా ఆ వాకిట్లో బిందెలతో వరస కట్టింది. ఆండాలు ఎవరినీ కాదనలేదు. ఈశాన్యం వాళ్లూ వచ్చారు, నైరుతి వాళ్లూ వచ్చారు. పాండురంగం గారింటి నుంచి రెండు డ్రమ్ములు వచ్చాయి.

అనుమతి లేని ఈ జాయింటును ఖండించడానికి సంఘం అత్యవసర సర్వసభ్య సమావేశం పిలిచింది. కమ్యూనిటీ హాలులో కోరం లేదు. అందరూ ఎక్కడున్నారని వాకబు చేస్తే దశరథ వాకిట్లో ఉన్నారని తెలిసింది. అందుచేత సభను అక్కడికే మార్చారు. కోరం మించి సభ్యులు హాజరయ్యారు. పూర్ణచంద్రరావు గారు రాత్రి తనే రాసిన తీర్మానం చదివారు. అక్రమంగా, అతి తక్కువ పొడవులో, ఎవరి ఆమోదమూ లేకుండా నీరు పారించినందుకు దశరథ గారిని సంఘ సభ్యత్వం నుంచి తొలగించడమైనది అని దాని సారాంశం. మధ్యలో గొంతు ఆరితే ఆండాలు గ్లాసుతో నీళ్లిచ్చింది. తాగి, మిగిలిన పేరా కూడా చదివారు.

ఓటింగు జరిగింది. సభ్యులు ఒక చేత్తో బిందె పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తారు. వ్యతిరేకంగా ఒక్క చెయ్యీ లేవలేదు. యాదమ్మ రెండు చేతుల్లోనూ బకెట్లుండటం వల్ల ఓటింగులో పాల్గొనలేదు.

"ఓటేసినోళ్లు జర పక్కకు జరగున్రి," అంది ఆండాలు. "ఎనకున్నోళ్లవి గూడ నిండాలె."

అందరూ జరిగారు. తీర్మానం నేటికీ అమలులోనే ఉంది. వరస కూడా అట్లాగే ఉంది. వెనక నిలబడ్డవారు తొందరపడవలసిన పనిలేదు. చెయ్యెత్తడానికి అందరికీ అవకాశం వస్తుంది.