సభకంటే ముందే అందిన ప్రజాభిప్రాయం

ప్రజల అభిప్రాయాన్ని ప్రజలనే అడిగి తెలుసుకోవడమంత మొరటు పద్ధతి మరొకటి లేదు. పదహారేళ్లుగా సర్కారు ఆఫీసులో సభల మినిట్స్ రాస్తున్న గుమస్తాగా ఈ మాట బాధ్యతతో చెబుతున్నాను.

పెట్టుబడికీ ప్రజాస్వామ్యానికీ పడదని, ఆ రెండింటికీ పర్యావరణంతో అసలే పొసగదని కొందరు మేధావులు గొంతు చించుకుంటున్నారు. పాపం, వాళ్లెవరూ మా పేటకు వచ్చినట్టు లేదు! ఇక్కడ ఆ మూడూ ఒకే వేదిక మీద పక్కపక్కన కూర్చుంటాయి. మైకు మాత్రం ఒకరి దగ్గరే ఉంటుందనుకోండి. కాపురమన్నాక ఆ మాత్రం సర్దుబాటు ఉండదా?

వివరంగా చెబుతాను. మా సిమెంటు ఫ్యాక్టరీకి ఇప్పటికే ఒక చిమ్నీ ఉంది. రెండోది కడతామన్నారు. అదీ సరిగ్గా మా అక్క ఇంటి ప్రహరీకి ఆనుకుని.

అక్క దర్జీ పని చేస్తుంది. మొదటి చిమ్నీ వచ్చాక తెల్లబట్టలు కుట్టడం మానేసింది. ఆఖరి గుండీ కుట్టేలోపే చొక్కా బూడిదరంగుకు తిరిగేది. రంగుల అద్దకం ఉచితం, ఏ దేశంలో దొరుకుతుందండీ ఈ సౌకర్యం? ఆ తర్వాత దగ్గు పట్టుకుంది. రెండో చిమ్నీ కూడా వస్తే ఆ ఇంట్లో ఉండొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. ఆవిడకు ఉన్నది ఆ ఒక్క ఇల్లే.

చిమ్నీ కట్టేముందు పేట జనంతో సభ పెట్టి, వాళ్లేమన్నారో పైకి రాసి పంపాలి. రూలు అది. సభ అయ్యాక రాద్దామంటే జనం అరుపులు చెవుల్లో గింగురుమంటూ చెయ్యి సాగదు. అందుకని మా ఆఫీసులో రెండు రోజుల ముందే, ప్రశాంతంగా రాసేసుకుంటాం. పాత సభ కాగితం తీసి తేదీ మారిస్తే చాలు.

ఈసారి చిన్న పొరపాటు జరిగింది. సభ రోజు కరెంటు పోయి, మైకు లేక సభ వాయిదా పడింది. మినిట్స్ మాత్రం పొద్దున్నే టపాలో పైకి వెళ్లిపోయాయి. జనం పూర్తి సహకారం అందించారని మెచ్చుకుంటూ సాయంత్రానికి జవాబు కూడా వచ్చింది!

"జరగని సభకు మినిట్స్ ఎలా పంపావయ్యా?" అన్నాడు మా ఆఫీసరు.

"ఎప్పటిలాగే సార్."

ఆయన ఆ జవాబు కాగితాన్ని ఫైల్లో పెట్టాడు. "సరే, వెళ్లిన కాగితాన్ని వెనక్కి తేలేం. సభనే కాగితానికి తగ్గట్టు జరిపిద్దాం."

వారం తిరక్కుండా జరిపించాం. మినిట్స్ మొదటి పేజీలో 'పచ్చని చెట్ల మధ్య' అని ఉంది. నర్సరీ నుంచి నలభై కుండీలు అద్దెకు తెప్పించాం. నర్సరీ ఆయన దండం పెట్టి మరీ చెప్పాడు, "సాయంత్రంలోపు పంపించేయండి సార్, ఇక్కడి గాలికి తట్టుకోలేవు" అని.

రెండో పేజీలో ఒక వృద్ధుడు లేచి కృతజ్ఞతలు చెప్పాలి. చిమ్నీ దగ్గరి వీధుల్లో ఎంత వెతికినా వృద్ధులు దొరకలేదు. ఫ్యాక్టరీ వాచ్‌మన్‌ను నిలబెట్టాం. వయసు ముప్ఫై నాలుగు. జుట్టుకు పౌడరు అద్దే శ్రమ కూడా తప్పింది, ధూళి ఆ పని ఎప్పుడో చేసిపెట్టింది.

ఇక మూడో పేజీ. 'ఒక మహిళ సందేహం వెలిబుచ్చారు. వివరణతో సంతృప్తి చెంది కూర్చున్నారు.' ప్రతి సభలోనూ ఒక సందేహం ఉండాలి. లేకపోతే సభ సహజంగా అనిపించదు. దీనికి ఎవరిని లేపాలా అని మేం చూస్తుండగానే మా అక్క తనంతట తనే లేచింది.

చేతిలో కాగితం ఉంది. వారం రోజులు కూర్చుని రాసుకుంది. "మా ఇంటి గోడ పక్కన..." అంది. అంతే, దగ్గు తెర కమ్ముకుంది. ముందు కుర్చీ పట్టుకుని వంగిపోయింది. వేదిక మీది మైకులోంచి ఆ దగ్గు పేటంతా వినిపించింది.

ఫ్యాక్టరీ మేనేజరు గారు చాలా మర్యాదస్తుడు. దగ్గుతుండగానే వివరణ ఇచ్చేశాడు. "కొత్త చిమ్నీ బాగా ఎత్తుగా కడుతున్నామమ్మా. పొగ మీ ఇంటి మీద పడదు, పక్క వీధికి వెళ్లిపోతుంది."

అక్క కూర్చుంది. కాగితంలో ఉన్నట్టే చప్పట్లు మోగాయి. ఆఫీసరు నా భుజం తట్టి, "అక్షరం పొల్లుపోలేదయ్యా!" అన్నాడు. పదహారేళ్ల సర్వీసులో నాకు దక్కిన మొదటి మెప్పు అది.

ఆ సాయంత్రం అక్క అడిగింది, "నా గురించి ఏం రాశావురా?"

చదివి వినిపించాను.

కుట్టుమిషను మీది ధూళి చేత్తో తుడిచింది. "అబద్ధమేం కాదులే. కూర్చున్నాను కదా," అంది. "నిలబడలేకపోయానురా."

ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను. సిగ్గేసింది. తెల్లారి ఆఫీసుకు వెళ్లి, ఆ ఒక్క వాక్యం దిద్దుకుంటాను సార్ అని బతిమాలాను. ఆఫీసరు రూల్సు పుస్తకమంతా తిరగేశాడు. పైకి వెళ్లిన సంతృప్తిని కిందివాళ్లు కొట్టేయడానికి ఎక్కడా వీలు లేదట.

అందుకని, పాఠకులారా, అక్కడ రాయడానికి వీల్లేనిది ఇక్కడ రాస్తున్నాను. మా అక్క సంతృప్తి చెందలేదు.